పాత బీరువా, ఆరు వందల పుస్తకాలు, పడమటి ఎండ

ప్రశ్న: అక్కా, మేం హన్మకొండలో కొత్త ఫ్లాట్ కొనుక్కున్నాం. అయిదంతస్తుల బిల్డింగ్, మాది పై అంతస్తు. రెండు బెడ్‌రూంలు, పొడుగాటి హాలు, హాలు చివర పడమటి వైపు బాల్కనీ. చేత్తో గీసిన ప్లాన్ పంపుతున్నాను. హాల్లో దక్షిణపు గోడ పద్నాలుగు అడుగులు, దానికి తలుపు గానీ కిటికీ గానీ లేదు. ఎదురుగా ఉత్తరపు గోడకు రెండు బెడ్‌రూంల తలుపులు, మధ్యలో ఐదడుగుల గోడ. ఇంటీరియర్ చేసే ఆయన త్రీడీ బొమ్మలు చూపించాడు. అంతా బూడిద రంగు, తెలుపు, అక్కడక్కడ బంగారు గీతలు. బాగానే ఉంది కానీ ఆరు లక్షలు అవుతుందన్నాడు. మా దగ్గర ఉన్నది లక్షన్నర. మా అత్తమ్మ పరకాల దగ్గర ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేస్తోంది. ఆమెతో పాటు ఆకుపచ్చ పెయింటు వేసిన టేకు బీరువా, పడక కుర్చీ, టీచరుగా పనిచేసి కాలం చేసిన మా మామయ్య పుస్తకాలు ఆరు వందల దాకా వస్తున్నాయి. "ఆ బీరువా ఇక్కడ సెట్ కాదు, అమ్మేయండి" అని ఇంటీరియర్ ఆయన ఆమె ముందే అన్నాడు. అప్పటి నుంచి అత్తమ్మ ఇంటి గురించి ఏమీ మాట్లాడటం లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. మాకు నాలుగేళ్ళ బాబు. గోడలకు ఏ రంగు వేయాలి? పుస్తకాలు ఎక్కడ పెట్టాలి? గాలిని శుభ్రం చేసే మొక్కలు ఏవి? ఇంకో చిన్న ప్రశ్న: మనీ ప్లాంట్ కొంటే కలిసి రాదు, దొంగిలించి తేవాలి అంటున్నారు. నిజమేనా?
ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చెల్లె, ముందు ఆ త్రీడీ బొమ్మల్ని ఫోన్‌లో ఓ మూలకు తోసేయండి. వాటిలో చక్కటి సోఫా ఉంది, బంగారు గీతల గోడ ఉంది. పడక కుర్చీలో కూర్చునే పెద్దావిడ లేదు, క్రేయాన్లు పట్టుకుని తిరిగే పిల్లాడు లేడు. పైగా మీరు పై అంతస్తులో, పడమటి ఎండకు ఎదురుగా, వరంగల్ వేసవిలో ఉండబోతున్నారు. ఆ బొమ్మ గీసిన కంప్యూటర్‌లో మే నెల ఉండదు.

నన్నడిగితే ఆ బీరువా దగ్గరే మొదలుపెట్టండి. అత్తమ్మ మనసు కుదుటపడుతుందన్నది ఒక కారణం. దానికంటే మొరటు కారణం ఇంకోటుంది. మీ ఇంట్లోకి రాబోయే వాటిలో కొలత మార్చలేనిది అదొక్కటే. సోఫా చిన్నది కొనుక్కోవచ్చు. పుస్తకాల అల్మారా గోడకు తగ్గట్టు చేయించుకోవచ్చు. రంగు నచ్చకపోతే మళ్ళీ వేయించవచ్చు. బీరువా మాత్రం ఎంత ఉందో అంతే. దాన్ని ముందు నిలబెడితే మిగతావి దాని పక్కన వాటంతటవే సర్దుకుంటాయి.

ఎక్కడ నిలబెట్టాలి అంటే, మీ ప్లాన్‌లోని దక్షిణపు గోడకు, బాల్కనీ వైపు చివర. ఎందుకో చెప్తాను. వేసవిలో సూర్యుడు సరిగ్గా పడమటన కుంగడు, వాయవ్యం వైపు జరిగి కుంగుతాడు. అందుకని ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మీ బాల్కనీలోంచి వచ్చే సాయంత్రపు ఎండ ఏటవాలుగా దక్షిణపు గోడ మీద పడుతుంది. చలికాలంలో ఎదుటి గోడకు మారుతుంది. టేకు ఆ ఎండను ఓర్చుకుంటుంది, పుస్తకాలు ఓర్చుకోలేవు. బాల్కనీ వైపు బీరువా నిలబడి, దాని పక్కన అదే గోడకు వరసలో పుస్తకాల అల్మారా ఉంటే, మొదటి రెండడుగుల పుస్తకాలకు బీరువా పక్కచెక్కే నీడ పడుతుంది. మిగతా ఎండ సంగతి బాల్కనీలో తేల్చుకుందాం. ఇంకో లాభం, వాస్తు పట్టింపు ఉన్నవాళ్ళు బీరువా నైరుతిలో ఉండి ఉత్తరం వైపు తెరుచుకోవాలంటారు కదా, ఇది అలాగే ఉంటుంది. వాస్తుతో నాకు పెద్దగా పని లేదు కానీ, వచ్చిన చుట్టాలతో ఒక వాదన తప్పుతుందంటే ఎవరు వద్దంటారు?

పైకి తెచ్చేముందు ఊళ్ళోనే రెండు మూడు పనులు చేయించండి. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, మీ గుమ్మం కొలుచుకుని వెళ్ళండి. కొన్ని పాత బీరువాలకు పైన ఉండే చెక్కడం, అడుగు పీట విడిగా ఊడొస్తాయి, అది చూడండి. తలుపులు, కాళ్ళు వేలితో తట్టి చూడండి. సన్నటి పిండి రాలితే పురుగు ఉన్నట్టు. అలాంటప్పుడు అక్కడే మందు కొట్టించి, వాసన పోయేదాకా ఆరబెట్టాకే తెచ్చుకోండి. ఆ ఆకుపచ్చ పెయింటు విషయంలో మాత్రం జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటులో సీసం ఎంత ఉందో చూసి చెప్పలేం. గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లలకు చాలా చెడ్డది. కాబట్టి ఫ్లాట్‌లో సాండ్‌పేపర్ పట్టించొద్దు. పెయింటు గట్టిగా ఉంటే తడిగుడ్డతో తుడిచి అలాగే ఉంచండి. పెచ్చులు లేస్తుంటే ఊళ్ళోనే ఆరుబయట, తడుపుతూ గీకించి, కొత్త పెయింటు వేయించండి. నా మాట వింటే రంగు మళ్ళీ ఆ ఆకుపచ్చే. పాలిష్ పెట్టి పురాతన వస్తువులా చేయాలని ఎవరన్నా అంటే వినకండి. అది ఆమె పట్టుచీరలు పెట్టుకునే బీరువా, మ్యూజియంలోది కాదు. కాళ్ళ కింద నాలుగు గ్రానైట్ ముక్కలు పెట్టండి, ఇల్లు తుడిచిన నీళ్ళు చెక్కకు ఎక్కకుండా. కరీంనగర్ గ్రానైట్ కోసే ప్రాంతం మనది, బండల షాపులో తునకలు ఊరికే ఇస్తారు.

ఇప్పుడు ఎండ. రంగుల గురించి అడిగితే ఎండ గురించి చెప్తోందేమిటి అనుకోకండి. వేడెక్కిన హాల్లో ఏ రంగు వేసినా సాయంత్రం నాలుగింటికి అందరూ బెడ్‌రూంలో ఏసీ కిందకు చేరతారు, హాలు చూసేవాళ్ళే ఉండరు. చాలామంది లోపల మందపాటి కర్టెన్ కడతారు. అద్దం దాటి లోపలికి వచ్చాక ఎండను ఆపితే వేడి అప్పటికే ఇంట్లో ఉంటుంది. అద్దానికి బయటే ఆపాలి. బాల్కనీ పైభాగంలో చుట్టి పైకి లాగే వెదురు తెరలు కట్టించండి. మేదరి పని చేసేవాళ్ళు కొలత చెప్తే అల్లిస్తారు. మధ్యాహ్నం రెండింటికి దించి, ఎండ తగ్గాక ఎత్తేయాలి. పై అంతస్తు కాబట్టి స్లాబు వేడి వేరే ఉంటుంది. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. టెర్రస్ మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించడానికి అసోసియేషన్ వాళ్ళను ఒప్పించండి. ఇది కొత్త మాటేం కాదు, తెలంగాణ ప్రభుత్వం 2023లోనే 2028 దాకా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. వాళ్ళు ఒప్పుకోకపోతే మీ ఇంటి మీది భాగం వరకైనా మీరే వేయించుకుంటామని అడగండి. బంగారు గీతలకు పెట్టే డబ్బులో చిన్న వంతు చాలు.

పుస్తకాల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను. పదేళ్ళ కిందట మా ఇంట్లో గోడకు అంటించి అల్మారా చేయించాను. ఆ గోడ అవతల బాత్‌రూం. వడ్లాయన చెప్పలేదు, నాకు తోచలేదు. రెండు వానాకాలాలు గడిచాక అడుగు అరలో ఒక పుస్తకం లాగితే చేతిలోకి అట్ట మాత్రమే వచ్చింది. లోపలి కాగితాల్లో చెదలు మట్టితో గూడు కట్టేశాయి. మా నాన్న చేతిరాతతో పేరు రాసుకున్న పుస్తకాలు పదకొండు పోయాయి. ఆ రోజు నుంచి ఎవరింట్లో పుస్తకాల అల్మారా చూసినా ముందు వెనక చెయ్యి పెట్టి చూస్తాను. అందుకే అడుగుతున్నాను, మీ దక్షిణపు గోడ అవతల ఏముంది? పక్క ఫ్లాట్ బాత్‌రూం అయితే ఆ భాగం వదిలేయండి. ఏదైనా సరే గోడకూ అల్మారాకూ మధ్య అంగుళంన్నర సందు, నేలకూ అడుగు అరకూ మధ్య మూడంగుళాలు ఉండాలి. చెదలు వస్తే దారి కంటికి కనపడాలి.

లెక్క చూద్దాం. పుస్తకం సగటున రెండు సెంటీమీటర్ల మందం అనుకుంటే ఆరు వందలకు పన్నెండు మీటర్లు, అంటే సుమారు నలభై అడుగుల అరలు కావాలి. రెండున్నర అడుగుల వెడల్పుతో మూడు గళ్ళు పక్కపక్కన, అలా అయిదు వరసలు పెడితే ముప్పై ఏడున్నర అడుగులు. పై పలక మీద కూడా పెట్టుకోవచ్చు కాబట్టి సరిపోతుంది. మొత్తం వెడల్పు ఎనిమిదడుగుల లోపు, ఎత్తు అయిదడుగుల చిల్లర. బీరువా పక్కన సుఖంగా పడుతుంది. రెండున్నర అడుగులు మించి గడి వెడల్పు పెట్టనివ్వకండి. ఒక్కో గడిలో పదిహేను ఇరవై కిలోల బరువు ఉంటుంది, పలక వెడల్పయితే రెండేళ్ళలో నడుం వంగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అడగండి, మరిగే నీళ్ళను కూడా తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడు, షీటు మీద ఐఎస్ 303 ముద్ర చూసుకోండి. పొడి నొక్కి చేసే పార్టికల్ బోర్డు చౌకే, కానీ పుస్తకాల బరువుకు వంగుతుంది, తడి తగిలితే అటుకుల్లా ఉబ్బుతుంది.

లోతు విషయంలో వడ్రంగులు అలవాటుగా పదిహేను అంగుళాలు పెడతారు, బట్టల అల్మారా చేసినట్టు. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ, క్రౌన్ సైజులవి. వాటికి తొమ్మిదిన్నర అంగుళాలు చాలు. లోతెక్కువైతే వెనక వరసలో పుస్తకాలు, ముందు వరసలో బొమ్మలు, మందుల డబ్బాలు, కరెంటు బిల్లులు చేరతాయి. ఇంకో కిటుకు. తొమ్మిదిన్నర పెడితే నాలుగడుగుల వెడల్పు షీటులోంచి రంపం పోటు పోను అయిదు పట్టీలు సరిగ్గా వస్తాయి. మీ అల్మారాకు అడ్డం ఆరు, నిలువు నాలుగు, మొత్తం పది పట్టీలు. అంటే రెండు షీట్లతో చట్రం అయిపోతుంది. వెనక్కి పలచటి ప్లై వేరే. ఈ లెక్క కాగితం మీద రాసి మేస్త్రీ చేతికివ్వండి. నాలుగు షీట్లు కావాలని ఆయన అనే లోపే. అడుగు వరస పదమూడు అంగుళాల ఎత్తు పెట్టి నిఘంటువులు, అట్లాసులు, బాబు బొమ్మల పుస్తకాలు అక్కడ ఉంచండి. పైవాటికి పదిన్నర సరిపోతుంది. నాలుగేళ్ళ పిల్లాడికి అల్మారా అంటే నిచ్చెన. పై అంచు దగ్గర ఎల్ క్లాంపులతో, మధ్యలో చిన్న చెక్కముక్క పెట్టి, గోడకు బిగించాకే ఒక్క పుస్తకమైనా ఎక్కించండి. ఇది మాత్రం రేపు చేద్దాంలే అనుకునే పని కాదు.

గోనె సంచుల్లోంచి వచ్చే పుస్తకాల్ని నేరుగా అరల్లో పెట్టొద్దు. ఫ్యాను కింద నీడన పరిచి, మెత్తటి బ్రష్షుతో దులిపి, ఒక వారం విడిగా ఉంచండి. మెరుస్తూ పాకే సిల్వర్‌ఫిష్ పురుగులు ఉంటే అప్పుడే తెలుస్తుంది. కలరా ఉండలు వేయొద్దు, పిల్లాడు చప్పరించే బిళ్ళల్లా ఉంటాయి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టుకోండి. అంతకన్నా పెద్ద మందు, నెలకోసారి పుస్తకాలు కదిలించడం. ఏవి ఉంచాలో, ఏవి ఇచ్చేయాలో అత్తమ్మతో కూర్చుని చూడండి. పాత గైడ్లు, కాలం చెల్లిన క్వశ్చన్ బ్యాంకులు ఎలాగూ ఉంటాయి, టీచరుగారి ఇల్లు కదా. ఆమె తీయొద్దన్నది ఒకటి కూడా తీయకండి, ఈ ఏడాదికి. అన్నట్టు, రంగుల వారీగా పుస్తకాలు పేర్చే ఫొటోలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనపడుతున్నాయి. చూడ్డానికి ఇంద్రధనుస్సులా ఉంటుంది, పుస్తకం వెతుక్కోవాలంటే చుక్కలు కనపడతాయి.

ఇక మీరు మొదట అడిగిన రంగులు. బూడిద రంగుతో నాకు పగ లేదు. కానీ పడమటి వెలుతురు సాయంత్రం పూట పసుపూ నారింజా కలిసి ఉంటుంది, ఆ వెలుతురులో బూడిద గోడ మురికిగా కనపడుతుంది. రాత్రి తెల్లటి ట్యూబులైటు కింద నీలంగా మారి ఆసుపత్రి గుర్తొస్తుంది. హాలుకు పల్చటి మజ్జిగ రంగు, సీలింగుకు తెలుపు. పుస్తకాల వెన్నులు, ఆకుపచ్చ బీరువా ఉండగా ఆ గోడకు వేరే రంగెందుకు? ఒక గోడ ముదురుగా ఉండాలన్న సరదా నాకూ ఉండేది. మా పడమటి గదిలో మెరూన్ వేయించాను. రెండు వేసవులు ఆ గదిలోకి అడుగుపెడితే కుంపటి ముందు కూర్చున్నట్టే ఉండేది. తీరా తెల్లరంగు వేయించబోతే మెరూన్ కనపడకుండా పోవడానికి ప్రైమరు కాక మూడు పూతలు పట్టాయి.

ముదురు రంగు కావాలనిపిస్తే చిన్నచోట వాడండి. మన ఊళ్ళ పాత ఇళ్ళు గుర్తు చేసుకోండి. గోడలకు సున్నం, తెల్లదనం తేలడానికి అందులో కాస్త నీలిమందు, అడుగున జాజు (ఎర్రమన్ను) పట్టె. గడపకు పసుపు. దీపం పెట్టే గూడు ఒక్కటే ముదురుగా ఉండేది. ఆ లెక్క ఇప్పటికీ పనిచేస్తుంది. లోపలికి రాగానే కనపడే చిన్న గోడకో, దేవుడి గూటికో జాజు రంగు వేయించండి. జాజు పక్కన నలుపు ఎంత నిండుగా ఉంటుందో చూడాలంటే ఒక ఆదివారం పాలంపేట వెళ్ళి రామప్ప గుడి చూసి రండి. ఎర్రటి ఇసుకరాతి గోడలు, పైకప్పు కింద నల్లరాతి స్త్రీ శిల్పాలు, మదనికలు. 1213లో కుదిర్చిన జోడీ అది. షేడ్ కార్డు చూసి మాత్రం రంగు ఖాయం చేయకండి. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల చదరం వేసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, లైటు వేశాక చూడండి. రెండు రోజులు చూస్తే చాలు. హాల్లో కడిగితే పోయే వాషబుల్ ఎమల్షన్ వేయించండి, బాబు చేతికందే ఎత్తు వరకైనా. ఇంకో మాట, గోడ మీద ఎక్కడైనా చెమ్మ, ఉప్పు పొంగిన తెల్లటి పొడి కనపడితే ముందు లీకేజీ ఎక్కడో పట్టుకోవాలి. దాని మీద వేసిన ఖరీదైన రంగు ఒక్క వానాకాలం కూడా నిలవదు.

లైట్లు కొనేటప్పుడు డబ్బా మీద 3000 కెల్విన్ (వెలుతురు రంగు చెప్పే అంకె) అని ఉన్నవి హాలుకు, పడక కుర్చీ పక్కన చదువుకునే దీపానికి తీసుకోండి. వంటింటికి 4000. షాపువాళ్ళు అలవాటుగా ఇచ్చేది 6500, ఆ తెలుపులో మీ మజ్జిగ రంగు సున్నపు నీళ్ళలా కనపడుతుంది.

గోడకు ఏం తగిలించాలి అంటే, అల్మారా పైన మిగిలే ఖాళీలో ఒక చేర్యాల బొమ్మ చాలు. నూలు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూసి వేసే బొమ్మలవి, వెనక ఎరుపు రంగుతో. పల్చటి గోడ మీదే అవి బాగుంటాయి, వేరే రంగు గోడ మీద కొట్లాడతాయి. అద్దాల ఫ్రేము కట్టించి, ఎండ తగలని తూర్పు చివర పెట్టండి. కింద పరచడానికి కార్పెట్ వద్దు, మన దుమ్ముకు అది స్పాంజీ. కొత్తవాడలో నేసే దర్రీ తెచ్చుకోండి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలువి, ఉతుక్కోవచ్చు, రెండు వైపులా వాడుకోవచ్చు. పిల్లాడు పాలు ఒలకబోసినా గుండె ఆగిపోదు. ఇత్తడి ఇష్టమైతే హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు జనగామ దగ్గర పెంబర్తిలో ఆగండి. కానీ ఒకటే కొనండి. చింతపండుతో తోమాల్సింది మీరే కదా.

సోఫా, టీవీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టీవీ ఉత్తరం వైపు ఐదడుగుల గోడకు తగిలించండి, దాని కింద ప్యానెల్, డొల్ల బాక్సులు అక్కర్లేదు. సోఫా అన్నిటికన్నా చివర కొనండి. కొనేముందు పాత పేపర్లు సోఫా కొలతకు అతికించి నేల మీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ నడవండి. నడిచే దారి రెండున్నర అడుగులు మిగలకపోతే ఆ సోఫా మీది కాదు. మూడు సీట్లది ఒకటి, ఒక దివాన్ మంచం చాలు. పండక్కి వచ్చిన చుట్టాలు దివాన్ మీద పడుకుంటారు, ఎల్ ఆకారపు సోఫా మీద ఎవరికీ నిద్ర పట్టదు. పడక కుర్చీని అల్మారా తూర్పు చివర, దీపం పక్కన వేయండి. అక్కడ కూర్చుంటే అత్తమ్మకు గుమ్మంలోకి ఎవరొచ్చిందీ కనపడాలి. అది చాలా ముఖ్యం, నవ్వకండి.

గాలిని శుభ్రం చేసే మొక్కలంటూ నర్సరీవాళ్ళు పేరు పెట్టి అమ్ముతున్నారు. ఈ మాటకు మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన ప్రయోగాలు. అవి గాలి ఆడని చిన్న పెట్టెల్లో చేసినవి. అలాంటి ప్రయోగాల్ని 2019లో మళ్ళీ లెక్కగట్టి చూస్తే, కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని తేలింది. మీరు అడవిలో సోఫా వేసుకోవాలి. మొక్కలు కళ్ళకు బాగుంటాయని పెంచుకోండి, గాలి కోసం పొద్దున్నే కిటికీలు తీయండి.

పడమటి బాల్కనీలో మధ్యాహ్నపు ఎండను తట్టుకునేవి కాగితం పూలు, మందారం, నందివర్ధనం, కలబంద. మార్చి రాగానే సగం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టండి, లేకపోతే మందారం మొగ్గలు రాలుతాయి. గన్నేరు మాత్రం తేకండి, ఆకు నుంచి వేరు దాకా విషమే. లోపల వెడల్పాకులతో అందంగా ఉండే డంబ్ కేన్ కూడా ఈ వయసు పిల్లాడున్న ఇంట్లో వద్దు, ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది. స్నేక్ ప్లాంట్‌ను, మనీ ప్లాంట్‌ను కూడా చేతికందని ఎత్తులో పెట్టండి. అవి అంత ప్రమాదం కాదు గానీ, నమిలితే కడుపులో తిప్పుతుంది. నీళ్ళు రోజూ పోయాలని నియమం లేదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే పోయండి. ఇళ్ళలో మొక్కలు నీళ్ళు లేక చచ్చేదానికంటే ఎక్కువై కుళ్ళేవే ఎక్కువ. ఏసీ నీళ్ళు పట్టి పోయొచ్చు, వాటిలో ఉప్పు ఉండదు. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమలకు అంతకన్నా మంచి పురుడు గది ఉండదు, వారానికోసారి ఒంపేయండి.

కోతుల సంగతి మీకు చెప్పాలా? హన్మకొండలో పై అంతస్తు బాల్కనీ అంటే వాటికి మెయిన్ రోడ్డు. రెయిలింగు మీద వేలాడే కుండీలు పెట్టొద్దు, కోతి లాగి కింద ఎవరి తలమీదో వేస్తుంది. బరువైన మట్టికుండీలు నేల మీదే. జామ, టమాట లాంటి కాసేవి మానేయండి. మా ఇంట్లో ఒక కోతి తులసిని ముట్టలేదు, పక్కనున్న పుదీనాను మాత్రం కుండీతో సహా ఎత్తుకుపోయింది. చట్నీ ఎవరు చేశారో తెలియదు.

లక్షన్నరలో ఇవన్నీ అవుతాయా అంటే, వరస పాటిస్తే అవుతాయి. ముందు చెమ్మ, వెదురు తెరలు. తర్వాత రంగు, ఎందుకంటే అల్మారా వచ్చాక గోడకు వేయడం కష్టం. తర్వాత బీరువా, అల్మారా, లైట్లు. మిగిలిన దాన్ని బట్టి సోఫా. మిగలకపోతే ఆర్నెల్లు దర్రీ మీద కూర్చోండి, కొత్తింట్లో ఎవరూ ఏమనరు. ఇంటీరియర్ ఆయన్ను పూర్తిగా వదులుకోనక్కర్లేదు. వంటింటి పని వరకు విడిగా కొటేషన్ ఇమ్మనండి, అందులో సింకు చుట్టుపక్కల ప్లైవుడ్ తడిని బాగా తట్టుకునే ఐఎస్ 710 రకం ఉండాలని రాయించుకోండి.

అత్తమ్మతో ఏం మాట్లాడాలో తెలియడం లేదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. క్షమాపణలు, వివరణలు ఏమీ వద్దు. టేపు పట్టుకుని ఊరికి వెళ్ళి, "అత్తమ్మా, దక్షిణపు గోడకు పెడదామనుకుంటున్నం, కొలత ఎంతో చూద్దాం, ఆ కొస పట్టుకో" అనండి. బీరువాలోవి ఖాళీ చేసేటప్పుడు పక్కనే ఉండండి. ఏ చీర ఎప్పటిదో ఆమే చెప్తుంది.

మనీ ప్లాంట్ ప్రశ్న మర్చిపోలేదు. కొన్నా, దొంగిలించినా ఒకేలా పెరుగుతుంది. దాని కాడకు కణుపు దగ్గరే వేరొస్తుంది కాబట్టి రెండు కణుపులున్న ముక్క కోసి సీసా నీళ్ళలో పెడితే రెండు మూడు వారాల్లో తెల్లటి వేర్లు కనపడతాయి. వారానికోసారి నీళ్ళు మార్చాలి. దొంగతనం చేస్తేనే మనసు ఊరుకుంటుంది అంటే, పక్కింటావిడకు చెప్పి, ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు తుంచుకోండి. కాఫీ తాగే రండి.